తూర్పు ఆఫ్రికాలో గుడారముల యాత్ర

స్వాహిలీ భాషలో 'సఫారీ' యనగా ప్రయాణము. ఉగాండా రాజధాని కంపాలానుండి గుడారములతో పెద్దలారీలో బయలుదేరి, మలాబావద్ద కెన్యా దేశమును బ్రవేశించి, మసాయిమారా జూచి, సిరారి మార్గమున టాంజానియా చేరితిమి.

అచటి సెరెంగెటి వనము సుమారు 14,750 చదరపు కిలోమీటర్లు. విల్డెబీస్టులను మృగములు సుమారు 15 లక్షలు వానల వెంబడి యేటేట దిరుగుచుండును. మా విడిదికి కంచె లేదు. ఆహారపదార్థములను లారీలో భద్రపఱచి, దూరమున సింహగర్జనము వినుచు బట్టగోడల నడుమ శయనించితిమి.

పిదప న్గోరోంగోరో చేరితిమి. అది 600 మీటర్ల లోతుగల ప్రాచీనాగ్నిపర్వత బిలము. ఆ మెట్టలపై మసాయి స్త్రీలు కొమ్మలు పాతి, మట్టియు గోమయమును మెత్తి యిండ్లు గట్టుచుండిరి. వారిలో గృహనిర్మాణము స్త్రీల పనియే. మా గుడారమువలె ఆ యిల్లు మడచుకొని పోవునది కాదు. అయినను 1959లో మృగరక్షణార్థమని మసాయిలను సెరెంగెటినుండి యిటకు దరలించిరి. 2022లో ఇచటినుండియు గొందఱిని దూరమందలి మ్సోమెరా గ్రామమునకు దరలించిరి.

ఖాండవదహనమున మృగములకు నిలువనీడ లేకపోయెను. ఇచట మృగముల నీడకొఱకు మనుష్యులు నీడ వీడిరి. మృగములను గాచుట ధర్మమే. వానినడుమ తరతరములుగా బశువుల మేపుకొనినవారిని గాచుటయు నంతకు దక్కువ ధర్మము కాదని మాకు దోచినది.