యజమానికి సెలవు చీటీ

ఊళ్లోవాళ్ల జీతాలు లెక్కకట్టడం మా వ్యాపారం. సైబర్ టవర్స్ చుట్టుపక్కల చిన్నాచితకా కంపెనీలకు పేరోల్ చూసిపెడతాం. 7న టీడీఎస్, 15న పీఎఫ్, ఈఎస్‌ఐ, నెలాఖరుకి జీతాలు. తారీకు దాటితే వడ్డీ పడుతుంది. బాబు పుట్టాక అదే క్యాలెండర్‌లో ఇంకో వరస చేరింది: 6వ వారం టీకా, 10వ వారం టీకా, 14వ వారం టీకా. రెండు వరసలూ ఒకే రోజున ఎదురుపడితే ఏది ముందో ఏ ఆడిటరూ చెప్పడు.

మెటర్నిటీ లీవు లెక్కలు నాకు కంఠతా వచ్చు. 2017లో చట్టాన్ని సవరించి 12 వారాల సెలవును 26 చేశారు. 50 మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసి రావచ్చు. ఈఎస్‌ఐ ఉన్న ఉద్యోగినికి డబ్బు అక్కణ్నుంచి వస్తుంది, లేకపోతే యజమాని కట్టాలి. ఎంతమంది అమ్మాయిల సెలవు కాగితాలో నా చేతి మీదుగా వెళ్లాయి. యజమానే కడుపుతో ఉంటే మాత్రం ఆ చట్టం పలకదు. ఆమె ఎవరి దగ్గరా పనిచెయ్యడం లేదు కదా! బ్రిటన్‌లోనైతే సొంత పని చేసుకునే తల్లికీ అర్హతను బట్టి 39 వారాల దాకా ప్రభుత్వం భత్యం ఇస్తుంది.

వ్యాపారం మొదలెట్టడానికి మా ఊరంత మంచి ఊరు లేదు. 2015లో స్టార్టప్‌లకు ఊతమిచ్చే టీ-హబ్ వచ్చింది. ఆడవాళ్ల కోసమే 2018 మార్చి 8న వీ-హబ్ వచ్చింది. ఆలోచన ఉందంటే కూర్చోబెట్టి వినేవాళ్లున్నారు, దారి చూపేవాళ్లున్నారు. కొన్నాళ్లు ఆగుతానంటే మాత్రం ఏం చెయ్యాలో ఎవరికీ తోచదు. క్లయింటు ‘కంగ్రాట్స్ మేడం’ అంటాడు, ఆ వెంటనే ‘మరి ఈ నెల పేస్లిప్పులు?’ అంటాడు. ఆయన్ని అనడానికేం లేదు. ఒకటో తారీకు కోసం చూసే ఇళ్లు ఆయన వెనక ఎన్నో ఉన్నాయి.

మా ఆఫీసు మాదాపూర్‌లో, ఓ సందులో. సందు మొదట్లో ఇడ్లీ బండి పెట్టే ఆమెకీ ఈమధ్యే పాప పుట్టింది. ఎన్నాళ్లు మానేశావని అడిగాను.

“బండి మానలే మేడం, నేను మానిన. మా అత్త నిలవడ్డది. మూడు నెల్లు బండి తియ్యకుంటే అడ్డా పోతది గద!”

ఆ మాట నాకు చాలా రోజులు పని పెట్టింది. నేను మానితే నడిచే బండేనా మాది?

స్టార్టప్ కూడా కన్నబిడ్డే అని ఈ చుట్టుపక్కల తరచూ అంటుంటారు. హన్మకొండ నుంచి వచ్చి కొండాపూర్‌లో మాతో ఉంటున్న మా అమ్మ అది విని నవ్వింది. “నీ కంపెనీ పాలకేడుస్తదా బిడ్డా?” అంది. నిజమే. కంపెనీకి పని జరిగితే చాలు, చేసింది ఎవరన్నది దానికి పట్టదు. పిల్లాడు అలా కాదు, అర్ధరాత్రి లేస్తే నన్నే వెతుక్కుంటాడు. మనం చేసేది మాత్రం తలకిందులు. పిల్లాణ్ని ఆయా చేతికి ఇచ్చేస్తాం, బ్యాంకులో జీతాలు వదిలే అధికారం ఇంకొకరికి ఇవ్వాలంటే చెయ్యి రాదు.

ఆఫీసులో చిన్న ఫ్రిజ్ ఉంది. అందులో పెరుగు డబ్బాల పక్కన తీసిపెట్టిన పాల సంచీలు ఉంటాయి, ఒక్కోదాని మీదా మార్కర్‌తో రాసిన టైము. మొదట్లో మా కుర్రాళ్లు ఆ అర వైపు చూడ్డానికే మొహమాటపడ్డారు. ఇప్పుడు కరెంటు పోతే నాకంటే ముందు వాళ్లే “అక్కా, పాలు!” అని లేస్తారు. పని అప్పగించడమూ అలాగే మెల్లమెల్లగా జరిగింది. బ్యాంకులో రెండో సంతకం మా సీనియర్ అమ్మాయిది. 15వ తారీకు చలాన్లు నా ప్రమేయం లేకుండానే కడుతున్నారు. నేనున్నా లేకపోయినా బండి కదులుతోందని తెలిసిన రోజు కొంచెం చివుక్కుమంది కూడా, దాచడమెందుకు.

మా ఆఫీసులో ఏడుగురం. పది మంది లేని చోటికి మెటర్నిటీ చట్టం రాదు. అయినా 26 వారాలూ మా నియామక పత్రాల్లో రాయించాను. ఇంత చిన్న సంస్థకి అది బరువే, ఆ లెక్క నాకు తెలియనిది కాదు. తండ్రి అయ్యేవాళ్లకి ప్రైవేటు ఉద్యోగంలో చట్టప్రకారం ఒక్క రోజూ రాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికిచ్చే 15 రోజులు మా కుర్రాళ్లకీ పెట్టాను. యజమానికి కూడా ఇదే సెలవు అని చివర్న ఓ వాక్యం చేర్చమంటే మా ఆడిటర్ గారు పెన్ను పక్కన పెట్టి, “అమ్మా, మీకు మీరే సెలవిచ్చుకోవడానికి కాగితమెందుకు?” అన్నారు. కాగితం లేకపోతే ఇచ్చుకోనని చెప్పి రాయించాను.