అడగని ప్రశ్న

ఆరేళ్ళ క్రితం మా మదరసాలో ఆలిం కోర్సు చివరి సంవత్సరం చదువుతున్న విద్యార్థి ఒకడు, తన కంటే చిన్న తరగతి అబ్బాయి నత్తిని ఫోనులో చిత్రీకరించి, వెక్కిరింపు మాటలు చేర్చి వాట్సాప్‌లో పంపాడు. అస్ర్ నమాజు తరువాత విషయం మా చెవిన పడింది. మగ్రిబ్ లోపే పెద్దవాడి పేరు రిజిస్టరు నుండి కొట్టివేశాము. న్యాయం చేశామన్న తృప్తితో ఆ రాత్రి నిద్రించాము.

రంజాన్ సెలవులకు వెళ్ళిన చిన్నవాడు తిరిగి రాలేదు. ఫోను చేస్తే అతని తండ్రిగారు, "వీడి వల్లే అతని చదువు పోయిందని పిల్లలు వీడితో మాట్లాడటం మానేశారట, మౌలానా" అన్నారు. అయిదుగురు ఉస్తాదులం కూర్చుని తీర్పు చెప్పాము. నీకేం కావాలి నాయనా అని ఆ అబ్బాయిని ఒక్కరమూ అడగలేదు.

దంతవైద్యం చదువుతున్న మా తమ్ముని కుమార్తె ఇది విని, కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయం సంగతి చెప్పింది. అక్కడ 2014 డిసెంబరులో, దంతవైద్య విభాగపు చివరి సంవత్సరం విద్యార్థులు 13 మంది ఉన్న ఫేస్‌బుక్ గ్రూపులో తోటి విద్యార్థినుల గురించి వ్రాసిన నీచమైన మాటలు బయటపడ్డాయి. వారిని వెళ్ళగొట్టాలని ఎందరో పట్టుబట్టారు. విశ్వవిద్యాలయం వారిని రోగుల చికిత్స నుండి తప్పించింది. పునరుద్ధరణ న్యాయమనే మార్గం కూడా పట్టింది. 13 మందిలో 12 మంది అందులో పాల్గొన్నారు. నెలల తరబడి, తమ మాటలు ఎవరిని ఎలా గాయపరిచాయో ఎదుట కూర్చుని వినవలసివచ్చింది. ఆ విభాగపు వాతావరణాన్ని కూడా పరిశీలించి 2015 మేలో నివేదిక వెలువరించారు.

"అందరూ మెచ్చలేదు పెదనాన్నా" అని కూడా చెప్పింది అమ్మాయి. ఆ మార్గానికి ఒప్పుకోమని తమపై ఒత్తిడి తెస్తున్నారని నలుగురు విద్యార్థినులు బహిరంగ లేఖ వ్రాశారట. మాకు అన్నింటికంటే గుర్తుండిపోయింది ఆ లేఖే.

సాటిమనిషికి చేసిన అన్యాయాన్ని అతనితో తేల్చుకోనిదే తౌబా పూర్తికాదని, హుఖూఖుల్ ఇబాద్ పాఠంలో ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాము. చెప్పిన మేమే దోషికి ఆ అవకాశం ఇవ్వకుండా బస్సెక్కించాము!

గత శీతాకాలంలో ఇద్దరు పెద్ద విద్యార్థులు ఒక చిన్నవాడిపై దొంగతనం మోపి, అందరి ముందూ అతని పెట్టె తెరిపించారు. డబ్బు మరొకచోట దొరికింది. ఈసారి ముందుగా ఆ అబ్బాయినే పిలిచి అడిగాము. చాలాసేపు నేల చూపులు చూసి, "పెట్టె అందరి ముందు తెరిచారు కదా ఉస్తాద్, దొంగను కానని కూడా అందరి ముందే చెప్పాలి" అన్నాడు. మాకు తట్టని మాట అది. మేమైతే గదిలో క్షమాపణ చెప్పించి సరిపెట్టేవాళ్ళం.

ఇషా తరువాత ఇద్దరూ లేచి నిలబడి చెప్పారు. ఒకడు ఏడ్చాడు. రెండవవాడు అప్పగించిన పాఠంలా చదివాడు. మొదటివానితో ఆ అబ్బాయి ఇప్పుడు ఒకే దస్తర్‌ఖాన్‌పై కూర్చుంటున్నాడు. రెండవవానితో కూర్చోవడానికి ఇంకా ఒప్పుకోలేదు. మేము బలవంతపెట్టలేదు.