పెరటితోట: అందమూ, నీళ్ళూ, శ్రమా

ఇంటి తోటల మీద ఈమధ్య వస్తున్న రాతల్లో ఒక లోపం కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. పచ్చిక ఎక్కడ పరచాలో, రాళ్ళు ఎలా పేర్చాలో, ఏ మూల ఏ పూలకుండీ పెట్టాలో అవి వివరంగా చెబుతాయి. నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయో, వాటిని మోసేదెవరో మాత్రం చెప్పవు. ఒక కావ్యాన్ని పరిశీలించేటప్పుడు రూపాన్ని వస్తువు నుంచి విడదీయరాదని మనం వాదిస్తాము. తోట దగ్గర ఆ వాదాన్ని వదలవలసిన పని లేదు. కంటికి కనబడే పచ్చదనం తోటకు రూపం. నేల, నీళ్ళు, మనిషి శ్రమ దాని వస్తువు.

నేనుండేది కట్టంగూర్‌లో. హైదరాబాదు-విజయవాడ రహదారి మీద నార్కట్‌పల్లికీ నకిరేకల్‌కూ మధ్య ఉన్న ఊరు. ఇక్కడి పొలాల్లో ఎక్కువ భాగం ఎర్ర చల్కా నేల. దాని కింద రాయి. వాన కొద్ది నెలల్లో వచ్చిపోతుంది. రాతి పొరల్లోని నీటిలో ఫ్లోరైడు ఉండటం వల్ల నల్లగొండ జిల్లాలో ఎందరి ఎముకలు వంగిపోయాయో లోకమెరుగును. 1970లలో నాగపూరు పరిశోధకులు పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టారు. మన జిల్లా పేరు శాస్త్ర గ్రంథాలకెక్కింది ఈ విధంగా. ఇటువంటి చోట పచ్చికబయలు అందాన్ని గురించి మాట్లాడేవాడు ముందు నీటి లెక్క చెప్పాలి.

పచ్చికబయలు మన నేలలో పుట్టిన ఊహ కాదు. అది ఇంగ్లీషు ప్రభువుల భవంతుల ముందు పెరిగింది. ఇంత నేల ఉండి కూడా దానిమీద గింజ పండించవలసిన అవసరం మాకు లేదని చాటటమే దాని అర్థం. మన దొరల గడీల సంగతీ ఇంతకంటె భిన్నం కాదు. అక్కడ ఇంటి చాకిరీ, నీళ్ళు మోయటం, పొలం పని వెట్టి మీద నడిచాయి. 1946 నుంచి 1951 దాకా సాగిన రైతాంగ సాయుధ పోరాటం ఆ వెట్టి మీదనే తిరగబడింది. నల్లగొండ దానికి ఆయువుపట్టు అయింది. గడీలోని పూలచెట్టు అందంగా లేదని నేననను. దానికి నీళ్ళు పోసిన చేతికి కూలి ముట్టలేదన్న నిజాన్ని కూడా కలిపి చూడమంటాను.

దీనికి ఎదురుగా శ్రామిక కుటుంబాల పెరడు ఉంది. గిన్నెలు కడిగిన నీళ్ళు పారేచోట అరటి, చేమ. వంటింటి గుమ్మం దగ్గర కరివేపాకు. పడమటి గోడకు పందిరి వేసి బీర, చిక్కుడు పాకిస్తే కూరకు కాయ, గోడకు మధ్యాహ్నపు ఎండ నుంచి రక్ష. మూలకు మునగ, దడికి గోరింట. నీటి దాహమున్నవి తూము దగ్గర, ఎండకోర్చే వేప, సీతాఫలం దూరంగా. తంగేడు, గునుగు బీళ్ళలో ఎవరూ నీళ్ళు పోయకుండానే పూచి బతుకమ్మకు అందుతాయి. రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టకుండా పాదుల్లో కప్పితే తడి త్వరగా ఆరదు. పురుగు పడితే లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు నూరి, రాత్రంతా నానబెట్టి, వడగట్టి చల్లుతారు. సబ్బు నీటిని ఆకుకూరలకు పోయరాదు. గులకరాళ్ళు, ఇసుక నింపిన గుంతలోంచి వడిసిన తరువాత చెట్లకు మళ్ళించాలి. ఈ పొదుపుకు నగరాల్లో ఇప్పుడు పెద్ద పెద్ద పేర్లు పెడుతున్నారు. పేదవాడికి అది కొత్త విద్య కాదు.

లెక్క కూడా చూద్దాం. 560 చదరపు అడుగుల కప్పు మీద ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 36 వేల లీటర్లు. ఐదో వంతు వృథా పోయిందనుకున్నా 29 వేలు మిగులుతుంది. దాన్నంతా నిలవ చేసే తొట్టి పేదవాడు కట్టలేడు. ఇంకుడు గుంత తవ్వి పెరటి నేలకు తాగించగలడు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు లక్ష్యంగా పెట్టుకున్నది. ఐదుగురున్న ఇంట్లో అందులో సగం వాడిన నీరుగా బయటికి వచ్చినా రోజుకు 250 లీటర్లు. చిన్న పెరటికి ఇది తక్కువేమీ కాదు.

ఐతే ఇంతటితో పెరటిని పొగిడి ఊరుకుంటే మనమూ ఆ పచ్చిక రాతలవాళ్ళ దారిలోనే పడతాము. మా వాడలో కూలికి వెళ్ళే ఒక పెద్దమ్మ మాట చెబుతాను. "తీగ పాకిచ్చుడు సంబురమే సారూ, కూలికి పోయొచ్చినంక బిందెలు మోసుడే కష్టం" అన్నది. పెరటి శ్రమలో అధిక భాగం స్త్రీది. దానికి కూలి లేదు, లెక్క లేదు, సెలవు లేదు. ప్రకృతి ప్రేమ అనే మాట కింద ఆ శ్రమను దాచేయటం సౌందర్య దృష్టి కాదు.

ఇంకొక ప్రమాదాన్ని ఎంగెల్సు ఏనాడో చూపాడు. ‘ఇళ్ళ సమస్య’కు 1887లో రాసిన ముందుమాటలో, సొంత ఇల్లూ కొద్దిపాటి తోటా ఉన్న జర్మనీ గ్రామీణ చేతిపనివారి స్థితిని ఆయన పరిశీలించాడు. కుటుంబం తోటలో పండించుకున్నదాన్ని యజమాని వారి కూలిలోంచి కోసుకోగలుగుతున్నాడని తేల్చాడు. ఇంటి కూర ఇంట్లోనే పండుతున్నది గదా, కూలి పెంచటమెందుకు అనే తర్కం మన ఊళ్ళలోనూ వినబడనిది కాదు. పెరటి కూర కూలికి బదులు కారాదు.

అంతమాత్రాన పెరడు అక్కరలేదనటం పొరపాటు. సోవియట్ సమష్టి క్షేత్రాల 1935 నాటి నమూనా నియమావళి కూడా ప్రతి కుటుంబానికీ సాధారణంగా పావు నుంచి అర హెక్టారు దాకా సొంత పెరటి నేలను అనుమతించింది. మరి మన ప్రభుత్వాలు పేదలకు ఎంత నేల ఇచ్చాయి? 2015లో వచ్చిన రెండు పడకగదుల ఇళ్ళ పథకం గ్రామాల్లో 125 గజాల స్థలంలో 560 చదరపు అడుగుల ఇల్లు అన్నది. ఇల్లు పోను మిగిలేది 63 గజాలు. నగరాల్లో అంతస్తుల మీద అంతస్తులు కట్టారు; అక్కడ పెరడన్న మాటే లేదు. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ మొదటి విడతలో సొంత జాగా ఉన్నవారికే ప్రాధాన్యం. జాగా లేనివాడికి తోట సలహాలు చెప్పటం ఆకలిగొన్నవాడికి వంటల పుస్తకం చదివి వినిపించటమే.

కాబట్టి తోట ప్రణాళిక మొక్కల దగ్గర మొదలు కాదు. ఇంటి స్థలం పట్టా దగ్గర, ప్రతి ఇంటికీ నిత్యం వచ్చే నల్లా దగ్గర, గిట్టుబాటయ్యే కూలి దగ్గర మొదలవుతుంది. తూము నుంచి పాదు దాకా వాలుగా కాలువ తీస్తే ఒక స్త్రీ రోజుకు ఎన్ని బిందెలు మోయటం తప్పుతుందో లెక్కించాలి. ఆ లెక్కే తోట అందానికి మొదటి కొలత. ఉపాధ్యాయులు, విద్యార్థులు తమ ఊళ్ళో ఏ ఇంటికి ఎన్ని గజాల పెరడున్నదో, ఎన్నాళ్ళకొకసారి నీళ్ళొస్తున్నాయో, వాటిని ఎవరు మోస్తున్నారో రాసి గ్రామసభ ముందు పెట్టాలి. తోటను గురించి మనం రాయదగిన మొదటి విమర్శ ఆ పట్టికే.