అస్తరు

ఆర్ట్సు కళాశాల మెట్లు దిగి, ఒకనాడు షేర్వాణీలు తొడిగిన విద్యార్థులు నడచిన బాటనే తార్నాక దెసకు నేను బయలుదేరిన ప్రయోజనము మిక్కిలి అల్పమైనది. కళ్లజోడు కాడ వదులై, వంగి చదివినపుడెల్ల అది ముక్కుమీదినుండి పుస్తకములోనికి జారుచుండెను.

ఆ కళ్లద్దముల దుకాణము రెండు మంచముల వెడల్పు. వెనుకగదిలో అద్దములను అరగదీయు యంత్రము నీళ్లు చిమ్ముచు గుర్రుమనుచుండెను. యజమాని నా జోడు నందుకొని, “కూసోండి సార్, వేడి చేస్తేగాని వంగది” అని, అద్దములు బిగించుటకై ఎవరో ఇచ్చిపోయిన బర్బెరీ ఫ్రేమును నా చేతనుంచెను. “కాడ లోపల్దిక్కు సూడుండ్రి.” వెలుపల నల్లని నునుపు, లోపల ఒంటెవన్నె నేలపై నలుపు, తెలుపు, ఎరుపు చారల గళ్లు.

ఆ గళ్ల పుట్టుక కోటు లోపలనే. 1856లో ఇంగ్లండునందలి బేసింగ్‌స్టోక్‌లో బట్టలకొట్టు తెరచిన థామస్ బర్బెరీ, రబ్బరు పూసిన వానకోట్లలో ఒడలు ఉడికిపోవుట గమనించి, నేసిన పిదప గాక నేయుటకు ముందే నూలునకు నీరంటని పూత పట్టించి, గాబర్డీన్ అను దట్టమైన ఏటవాలు నేతబట్టను 1879లో రూపొందించి, 1888లో పేటెంటు పొందెను. మొదటి ప్రపంచయుద్ధమున కందకములలోని అధికారులకు అదియే ట్రెంచి కోటయ్యెను. భుజపట్టీలు, నడికట్టు వలయములు నాటివే. ఎండ చూడని ఆ గళ్లు 1920లలో అస్తరుగా చేరినవి. ఇప్పుడా కోటు పోకడలనే కళ్లజోళ్లకు తెచ్చి, ఇటలీకి చెందిన లక్సోటికా చేత చేయించుచున్నారు. వానకు పుట్టినదానిని ఎండకు అమ్ముట వర్తకుల చమత్కారము. అయినను గళ్లను కాడ లోపలనే దాచిన వాని బుద్ధిని మెచ్చుకొనక తప్పలేదు. మన షేర్వాణీ గుండీల వరుసకు ఇట్టి భాగ్యమెన్నడో!

“ఇది ప్లాస్టికేనా?” అంటిని.

“షెల్లు ఫ్రేమ్ సార్, అసిటేట్. పత్తితోని చేస్తరంట.”

పత్తిగింజ నంటియుండు నూగునుండి గాని, కలపగుజ్జునుండి గాని తీసిన సెల్యులోజే దానికి మూలమని నేనెరుగుదును. కాని కోటుగా నేసిన నూలును ఈ చట్రమును ఒకే ఇంటివి కావచ్చునని ఆ క్షణమువరకు తోచలేదు. అద్దిన గళ్లకంటె ఇది దగ్గరి చుట్టరికము.

యజమాని నా జోడు కాడను వేడిగాలికి పట్టి, బొటనవ్రేలితో చివర నొక్కి, చల్లనీట ముంచి, చెవివెనుక వ్రేలు పెట్టి చూచి, తృప్తి చాలక మరల వేడిచేసెను. “ఇగ వంగుండ్రి.” రసీదు పుస్తకముపై వంగితిని, జోడు కదలలేదు. బర్బెరీ ఫ్రేము మాత్రము కాడలు ముడుచుకొని, గళ్లు కనబడకుండ, కాగితపు సంచిలోనికి పోయెను.