మీటింగుకు ఏ చీర?

పాస్టరు కుటుంబం బట్టల గురించి రాయడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. అయితే మన సంఘాల్లో ఇప్పుడు ఉద్యోగాలు చేసే సహోదరీలు చాలామంది ఉన్నారు. అంగన్‌వాడీ టీచర్లు, ఏఎన్ఎంలు, డ్వాక్రా లెక్కలు రాసేవారు, సొసైటీల్లో గుమాస్తాలు. వీరందరికీ నెలకో మీటింగు తప్పదు. మీటింగుకు వెళ్ళాలంటే కాస్త చక్కగా కట్టుకోవాలి. చక్కగా కట్టుకుంటే ఎవరో ఒకరు ఒక మాట అంటారు. పైగా వయసు నలభైకి చేరాక దేవుడు గర్భఫలం ఇస్తే, ఆ మొదటి నెలల్లో ఆ తల్లి పడే ఇబ్బంది బయటికి చెప్పుకునేది కాదు. మా ఇంట్లో 2019లో జరిగింది ఇదే. మా భార్య పక్కన కూర్చుని చెబుతుండగా, ఇద్దరి తరఫునా రాస్తున్నాం.

అప్పటికి ఆమె పదకొండేళ్ళుగా ఒక ప్రైవేటు పాల కంపెనీలో పనిచేస్తోంది. పల్లెల్లోని పాల కేంద్రాల లెక్కలు చూడడం ఆమె పని. ఏ ఊరినుండి ఎన్ని లీటర్లు వచ్చాయి, వెన్న శాతం ఎంత, రైతులకు డబ్బు చేరిందా లేదా. పాస్టరు జీతంతో పాప చదువు సాగదని మీకు వేరే చెప్పనక్కర్లేదు. నెలకు రెండుసార్లు విజయవాడలో మీటింగు. పాతికమంది మగవారు, నలుగురు ఆడవారు. అందరి ముందూ లేచి నిలబడి, తన కేంద్రాల లెక్కలు తెరమీద చూపిస్తూ మాట్లాడాలి.

జూన్ మొదటి వారంలో తెలిసింది. ఆమెకు నలభై, మాకు నలభై రెండు. పాప అప్పుడే ఇంటర్‌లో చేరింది. పదహారేళ్ళ తరువాత మళ్ళీ! శారా నవ్విందని మేమే ఎన్నోసార్లు ప్రసంగించాం గాని, మా ఇంట్లో ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. 2011లో ఒక గర్భం మూడో నెలలో నిలవకుండా పోయింది. అప్పటికే ఊరంతా తెలిసిపోవడంతో, పరామర్శకు వచ్చిన ప్రతివారికీ మొదటినుండి చెప్పుకోవలసి వచ్చింది. ఈసారి డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. నలభై దాటాక సుమారు ముగ్గురిలో ఒకరికి గర్భం నిలవదట, అందులో ఎక్కువ భాగం మొదటి పన్నెండు వారాల్లోనే జరుగుతుందట. ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజూ వేసుకోమంది. బీపీ, షుగరు చూసింది. పన్నెండో వారంలో స్కానింగుకు రమ్మంది.

అదే సమయంలో కంపెనీలో ఏరియా మేనేజరు ఉద్యోగం ఖాళీ అయింది. జూలై 22న ఇంటర్వ్యూ. అంటే పన్నెండు వారాలు నిండకముందే. ఆ గడువు దాటేవరకు ఇంట్లో ముగ్గురికి, డాక్టరమ్మకు తప్ప ఎవరికీ తెలియకూడదని ప్రార్థన చేసి నిర్ణయించుకున్నాం.

లూకా సువార్త మొదటి అధ్యాయంలో ఎలీసబెతు గర్భవతియై ఐదు నెలలు మరుగుగా ఉండిపోయిందని ఉంది. ఐదు నెలలు ఆమె ఇల్లు కదలకుండా ఉండగలిగింది. ఆమెకు పాల కంపెనీ మీటింగు లేదు. మా భార్యకు మరుగు ఏదైనా ఉందంటే అది ఆరు గజాల చీరలోనే.

రెండో నెలలో కడుపు ఎక్కడ కనబడుతుందని మగవారు అనుకుంటారు. మేమూ అడిగాం. బిడ్డ అప్పటికి చిక్కుడు గింజంత. కనబడేది బిడ్డ కాదు, ఉబ్బరం. సాయంత్రానికి నడుము రెండంగుళాలు పెరిగినట్టు ఉంటుంది. లంగా బొందు కోసుకుపోతుంది. జాకెట్టు చంకల దగ్గర, ఛాతీ దగ్గర బిగుసుకుంటుంది, తాకితే నొప్పి. నలభైలో ఒళ్ళు ముందే కొంత వచ్చి ఉంటుంది, రెండో కానుపు కాబట్టి ఉబ్బరం తొందరగా తెలుస్తుంది కూడా. ఈ స్థితిలో ఉదయం తొమ్మిది నుండి సాయంత్రం ఐదు వరకు కుర్చీలో కూర్చోవాలి.

మొదట మార్చింది లంగా. సన్న బొందు తీసివేసి, నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ వేయించి, రెండు వరుసల హుక్కులు పెట్టించింది. ఉదయం లోపలి వరుస, భోజనం తరువాత బయటి వరుస. కట్టేది కడుపు మీద కాదు, కడుపు కింద. నడుం సన్నగా కనబడడానికి ఒంటికి అతుక్కునే లంగాలు దుకాణాల్లో అమ్ముతున్నారు. ఈ నెలల్లో వాటి జోలికి వెళ్ళవద్దని మా భార్య గట్టిగా రాయమంటోంది. కుచ్చిళ్ళు తక్కువగా, వెడల్పుగా పెట్టుకుంటే బొడ్డు దగ్గర గుడ్డ గుట్టగా లేవదు.

జాకెట్ల సంగతి మా సంఘంలోని టైలరమ్మ చేతిలో ఉంది. ఆమె ఎప్పుడూ జాకెట్టు లోపల రెండు కుట్లకు సరిపడా గుడ్డ వదిలి కుడుతుంది. మంచి టైలరు గుర్తు అదే. కొత్తవి కుట్టించుకునే సహోదరీలు ఈ మాట ముందే అడగండి. జూన్‌లో ఒక కుట్టు విప్పించాం. జూలై రెండో వారంలో రెండో కుట్టు. టైలరమ్మ జాకెట్టు అందుకుని, టేపు మెడలో వేసుకుని, మా భార్య ముఖం వంక ఒకసారి చూసి, "గుండీలు ముందుకు పెడతానమ్మగారూ, వేసుకోవడం తేలిక" అంది. అంతే. స్కానింగుకు ముందే ఆమెకు తెలిసిపోయింది. ఆ వీధిలో ఆమె నోటినుండి ఒక్క మాట బయటికి రాలేదు. డబ్బు తీసుకోలేదు కూడా. సంఘములో మర్మము దాచగలవారు పెద్దల్లోనే ఉండాలని లేదు.

ఇక చీర. జార్జెట్టు చల్లగా జారుతుంది గాని ఒంటికి అంటుకుని ఉన్నదంతా చూపిస్తుంది, మన ఎండల్లో చెమట పీల్చదు. పట్టు బరువు. గంజి దిట్టంగా పెట్టిన నూలు చీర నడుం దగ్గర గొడుగులా లేస్తుంది, లేని కడుపు ఉన్నట్టు కనబడుతుంది. పైగా ఆ నెలల్లో ఆమెకు గంజి వాసన పడలేదు. చివరికి ఆమెను గెలిపించింది మంగళగిరి నేత చీర. గుంటూరు నుండి విజయవాడ వెళ్ళే బస్సు మంగళగిరి మీదుగానే వెళ్తుంది కదా, ఒక మీటింగు నుండి తిరిగి వస్తూ అక్కడ దిగి రెండు కొన్నది. ఒకటి ముదురు నీలం, ఒకటి వంగపండు రంగు. ఒళ్ళంతా సాదా, పువ్వు లేదు, బుటా లేదు, అంచున మాత్రం సన్నని జరీ. రెండూ కలిపి రెండువేల మూడువందలు. రెండుసార్లు ఉతికి, పలుచని గంజి పెట్టి, ఇస్త్రీ చేస్తే మెత్తగా వాలి నిలబడుతుంది. పైట మడతలు సన్నగా కాక నాలుగైదు అంగుళాల వెడల్పున పెట్టి భుజం మీద పిన్ను పెడితే, ఆ మడతలు కడుపు మీదుగా నిలువుగా దిగుతాయి. చూసేవారికి అందంగా ఉంటుంది, దాచవలసింది దాగుతుంది. కాళ్ళకు ఎత్తు మడమలు లేని, వెనక పట్టీ ఉన్న చెప్పులు.

సంచిలో కాగితాలతోపాటు నిమ్మకాయ, గుప్పెడు మరమరాలు, ఒక ప్లాస్టిక్ కవరు. పాల కేంద్రంలో పనిచేసే మనిషికి వేవిళ్ళలో పాల వాసన పడకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మల్లెపూలు కూడా మానేసింది.

జుట్టు సంగతి మాకు తట్టనే లేదు. ఆమె మూడేళ్ళుగా రంగు వేసుకుంటోంది. మొదటి మూడు నెలలు రంగు ఆపమని డాక్టరమ్మ చెప్పింది. జూలైకి పాపిట దగ్గర తెల్లగా వేలెడు వెడల్పు కనబడింది. ఇంటర్వ్యూలో పాతికేళ్ళ కుర్రవాళ్ళతో పోటీ. గోరింటాకు పెట్టుకుందామనుకుని, ఎర్రబడితే ఇంకా దృష్టి అక్కడికే పోతుందని మానుకుంది. పాపిట పక్కకు తీసి, ముడి వేసి, ఉన్న తెలుపుతోనే వెళ్ళింది. ఆ నీలం చీరకు ఆ తెల్లజుట్టు హుందాగానే ఉందని మా అభిప్రాయం. ఆమె ఇప్పటికీ ఒప్పుకోదు.

ఈలోగా సంఘములో మాట రానే వచ్చింది. పాస్టరమ్మగారు ఈ మధ్య షోకు చేస్తున్నారని, కంపెనీ ఉద్యోగం వచ్చి భక్తి పోయిందని. పేతురు మొదటి పత్రికలో అలంకారం గురించి రాసిన మాట ఒక పెద్దమ్మ మాకే గుర్తుచేసింది. మంచిదే. ఆ మాట మేము బోధించనిది కాదు. పేతురు అక్కడ జడలు, బంగారం, వస్త్రాల ఆడంబరం కన్నా హృదయాన్ని చూడమంటున్నాడు. చినిగిన చీర హృదయానికి సాక్ష్యమని ఎక్కడా చెప్పలేదు. సామెతల చివరి అధ్యాయంలోని స్త్రీ వర్తకం చేస్తుంది, పొలం కొంటుంది, సన్నని నారబట్టలు కట్టుకుంటుంది. పనిమీద పదిమందిలోకి వెళ్ళే స్త్రీ ఆమె. ఇస్త్రీ చేసిన రెండు నూలు చీరలు ఆమె ముందు చాలా తక్కువ. అయితే అప్పుడు ఆ పెద్దమ్మకు ఇవేమీ చెప్పలేదు. చెబితే అసలు సంగతి చెప్పాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా కడుపు ముప్పయ్యో ఏటినుండే ముందుకు వచ్చింది. ఎన్నో మీటింగుల్లో వేదిక ఎక్కాం. లాల్చీ కింద ఏముందని ఎవరూ తేరిపార చూడలేదు. ఆడమనిషి రెండంగుళాలు పెరిగితే చాలు, బస్సులో పక్కసీటువారు కూడా లెక్కపెట్టడం మొదలుపెడతారు. మన స్త్రీల కూటాల్లో ఈ లెక్కలు ఆపితే, మూడో నెలలో నిలవక ఏడ్చే తల్లికి సగం భారం తగ్గుతుంది. 2011లో మేము చూశాం కాబట్టి చెబుతున్నాం.

ఇంటర్వ్యూ జరిగింది. రెండు రోజులకు స్కానింగు. తెరమీద గుండె కొట్టుకోవడం ఇద్దరం చూశాం. ఆగస్టులో ఆమె తానే మేనేజరు గదికి వెళ్ళి చెప్పింది. సెప్టెంబరులో ఆ ఉద్యోగం వేరొకరికి ఇచ్చారని తెలిసింది. కారణం కాగితం మీద రాయలేదు, మేము అడిగినా చెప్పలేదు. ఆ రాత్రి ఆమె భోజనం చేయలేదు.

సెలవు మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు పెట్టారు. కానుపుకు ముందటి పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. ఆ 26 వారాల్లో ఎనిమిది వారాల వరకు కానుపుకు ముందు వాడుకోవచ్చు. గర్భవతి సెలవులో ఉందని ఉద్యోగం నుండి తీసివేయడం నేరం. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చినా ఈ 26 వారాలు అలాగే ఉన్నాయి. కంపెనీల్లో పనిచేసే మన పిల్లలకు ఈ సంగతి తెలియాలి.

బాబు 2020 ఫిబ్రవరిలో పుట్టాడు. ఇప్పుడు పలక పట్టుకుని బడికి వెళ్తున్నాడు. మా భార్య అదే ఉద్యోగంలో ఉంది, అదే మీటింగులకు వెళ్తోంది. జుట్టుకు రంగు మళ్ళీ మొదలుపెట్టింది.

నీలం చీర ఇంకా వాడుతోంది. వెడల్పు పట్టీ లంగా మాత్రం ఇంట్లో లేదు. కిందటి నెల మన సంఘపు సహోదరి ఒకరు, సొసైటీలో పనిచేసే ఆమె, కొలతకోసం అని అడిగి పట్టుకెళ్ళింది. ఆమె కూడా నలభైకి దగ్గరలోనే ఉంది. ఎందుకని మేము అడగలేదు.