చాచా కొట్టిన చెంపదెబ్బ: ఒక కేస్ స్టడీ

మొన్న జీఎస్-4 ప్రాక్టీస్ కోసం నాకు నేనే ఒక ప్రశ్న ఇచ్చుకున్నాను: "అల్లరి చేసిన విద్యార్థిని స్కూల్ బస్సు డ్రైవర్ కొట్టాడు. మీరు జిల్లా విద్యాధికారి. ఏం చేస్తారు?" నాలుగు లైన్లు రాసి ఆగిపోయాను. ఆ విద్యార్థిని నేనే.

నాన్నగారి ఉద్యోగం వల్ల చిన్నప్పుడు కలకత్తా గార్డెన్‌రీచ్ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే. పక్కనే మెటియాబ్రుజ్: దర్జీల వీధులు, ఇరుకు రోడ్లు, డాక్ వైపు వెళ్లే కంటైనర్ లారీలు. మా బస్సు ఆ దారినే వెళ్లేది. డ్రైవర్‌ను చాచా అనేవాళ్లం. అటెండెంట్ లేడు. స్టీరింగ్ చూసుకోవాల్సింది ఆయనే, మమ్మల్ని చూసుకోవాల్సిందీ ఆయనే.

ఏడో తరగతిలో ఒకరోజు నేను విసిరిన నీళ్ల బాటిల్ దొర్లుకుంటూ వెళ్లి బ్రేక్ పెడల్ కింద ఇరుక్కుంది. ముందు లారీ. చాచా హ్యాండ్ బ్రేక్ లాగి ఎలాగో ఆపాడు. లేచి వచ్చి నా చెంప మీద ఒక్కటిచ్చాడు. ఇంట్లో చెంప చూపించాను. బాటిల్ సంగతి చెప్పలేదు. నాన్న స్కూల్లో ఫిర్యాదు చేశారు. రెండో రోజుకు డ్రైవర్ మారిపోయాడు.

చట్టం ఏమంటోంది? విద్యాహక్కు చట్టం, 2009లోని సెక్షన్ 17(1) శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. అందులో "టీచర్" అనే మాట లేదు. కాబట్టి డ్రైవర్‌కూ మినహాయింపు లేదనే నేను అర్థం చేసుకున్నాను. చాచా చేసింది తప్పే.

అయితే 17(2) చూడండి. తప్పు చేసినవారిపై వారికి వర్తించే సర్వీస్ నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలి. నోటిమాట మీద పనిచేసే డ్రైవర్‌కు ఏ సర్వీస్ నిబంధనలు ఉంటాయి? విచారణ ఉండదు, వివరణ అడగరు. రేపట్నుంచి రావద్దంటే సరిపోతుంది. ఇరుపక్షాల మాట వినాలన్న సహజ న్యాయసూత్రం మనం నోట్స్‌లో రాసుకుంటాం. చాచా మాట ఎవరూ వినలేదు.

అసలు లోపం, బాధ్యత అంతా ఇచ్చి అధికారం ఎంతో చెప్పకపోవడం. నా జవాబు ఇదీ: డ్రైవర్ బస్సును పక్కకు ఆపవచ్చు, సీటు మార్చవచ్చు, పేరు రాసి స్కూలుకు ఇవ్వవచ్చు. కొట్టకూడదు, తిట్టకూడదు, దారిలో దింపేయకూడదు. శిక్షించే పని స్కూలుది. బస్సులో అటెండెంట్ ఉండాలని సీబీఎస్‌ఈ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది అమలైతే డ్రైవర్ వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరమే రాదు.

విద్యాధికారిగా నేను మొదట అడిగేది ఒక్కటే: "చెంపదెబ్బకు ముందు ఏం జరిగింది?" ఆ రోజు నన్ను ఈ ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే నిజం చెప్పేవాణ్నేమో. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మీరైతే ఏం రాస్తారు? 250 పదాల్లో ప్రయత్నించండి.