ఛార్జి ఎవరి మీద?

జిల్లా కోర్టులో అనువాదకుడి బల్ల మీదికి వచ్చే కాగితాల్లో లాటిన్ మాటలంటే నాకు బెరుకు లేదు. రెస్ జ్యుడికేటాకైనా, ఎక్స్ పార్టీకైనా దేనికి ఉండే అర్థం దానికి ఒక్కటే. ఒకసారి నేర్చుకుంటే ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పనికొస్తుంది. నా కలం ఆగేది ఛార్జి దగ్గర. బడి మొహం చూడనివాళ్లకు కూడా తెలిసిన మాట అది. బస్సు ఛార్జీలు పెరిగాయంటారు, ఫోన్లో ఛార్జింగ్ లేదంటారు, జిల్లాకు ఇన్‌ఛార్జి మంత్రి వచ్చాడంటారు, ధర్నా దగ్గర లాఠీఛార్జి అయిందంటారు. ఇన్ని చోట్ల వాడుతున్నాం కాబట్టి తెలిసిందేలే అనుకుంటాం. కోర్టు కాగితంలో ఆ ధీమాయే కొంప ముంచుతుంది.

క్రిమినల్ ఫైళ్లతో మొదలుపెడతాను. దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టులో వేసేదాన్ని ఊరంతా ఛార్జిషీటు అంటుంది. చట్టంలో దాని పేరు పోలీసు నివేదిక. పాత సీఆర్‌పీసీలో 173వ సెక్షన్ కింద వేసేవారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 193వ సెక్షన్. అంతవరకూ అది పోలీసుల మాట. జడ్జిగారు ఆ కాగితాలు చూసి, ఇరుపక్షాలూ చెప్పింది విని, విచారణ జరపదగ్గ కేసే అనుకుంటే అప్పుడు తాము రాసేది అసలైన ఛార్జి. అది కోర్టు మాట. ఈ రెంటి మధ్యా నెలలు గడుస్తాయి, ఒక్కోసారి ఏళ్లు. ఆ దశలోనే ముద్దాయిని డిశ్చార్జి చేసి పంపెయ్యనూవచ్చు. రెంటికీ అభియోగమనే రాసేస్తే, పోలీసులు అన్నదేదో, కోర్టు విచారణకు తీసుకున్నదేదో చదివేవాడికి తెలియకుండా పోతుంది. అందుకే మొదటిదాన్ని ఛార్జిషీటుగానే ఉంచుతాను, రెండోదాన్ని అభియోగం అంటాను. ఇక ఆరోపణ ఈ రెండూ కాదు. అది ఎవరి మీద ఎవరైనా చెయ్యవచ్చు. పత్రికల్లో ఈ మూడూ ఒకదాని బదులు ఒకటి వస్తుంటే నాకు మనసొప్పదు. ఒక మనిషి పరువు ఆ తేడా మీదే నిలబడి ఉంటుంది.

అభియోగాన్ని కోర్టు భాషలో రాయాలనీ, ముద్దాయికి చదివి వినిపించి, వివరించి, నేరం ఒప్పుకుంటారా, విచారణ కోరుకుంటారా అని అడగాలనీ చట్టం చెబుతుంది. ఆ ‘వివరించి’ అన్న ముక్కను నేను గట్టిగా పట్టుకుంటాను. ఇంగ్లీషు నమూనా అంతా ఒకటే వాక్యం. ఫలానా తేదీన లేక ఆ దరిదాపుల, ఫలానా చోట, నీవు ఫలానా పని చేసి, తద్వారా ఫలానా సెక్షన్ కింద శిక్షార్హమైన నేరం చేసితివి అంటూ ఊపిరి తీసుకోనివ్వకుండా సాగుతుంది. గట్టు తగాదా కేసొకటి గుర్తుంది. పొలం గట్టు దగ్గర పారతో కొట్టాడని అభియోగం. అంతా చదివాక బోనులో ఉన్న పెద్దాయన చేతులు కట్టుకుని, “ఛార్జి ఎంత కట్టాలండయ్యా?” అని అడిగాడు. కోర్టు హాల్లో నవ్వారు. నాకు ఒళ్లు జలదరించింది. కోర్టు ఫీజు కట్టినవాడు, సాక్షులకు బత్తా కట్టినవాడు, వకీలు ఫీజు అప్పు తెచ్చి ఇచ్చినవాడు ఛార్జి అనగానే డబ్బే అనుకోవడంలో తప్పేముంది? ఎంతో కొంత కట్టి ఇంటికి పోదామని, ఒప్పుకుంటానండీ అని ఉంటే? జడ్జిగారు ఆపించి, మామూలు మాటల్లో మళ్లీ చెప్పించారు. మీరు ఆయన్ని పారతో కొట్టారని మీ మీద నేరం మోపుతున్నాం, నిజమేనా, కాదా? పెద్దాయన నిటారుగా నిలబడి, “కాదండి, వాడే ముందు నా గట్టు చెక్కాడు” అన్నాడు. అప్పటినుంచి నా రాతలో ఆ పొడుగు వాక్యాన్ని మూడు చిన్న వాక్యాలు చేస్తున్నాను. నీవు అన్న చోట మీరు అనే రాస్తున్నాను. నేరం రుజువయ్యేదాకా ఆయన మర్యాద ఆయనదే.

మోపడం అన్నది ఇక్కడ సరిగ్గా కుదిరిన మాట. ఇంగ్లీషు ఛార్జికి మూలం లాటిన్‌లో బండికి సరుకెత్తడం. ఫ్రెంచి మీదుగా వచ్చింది. తుపాకీలో మందు దట్టించడం, బ్యాటరీకి కరెంటు ఎక్కించడం, వినియోగదారు మీద రుసుము వెయ్యడం, ఆఫీసు బాధ్యత ఒకరి నెత్తిన పెట్టడం, మనిషి మీద నేరం మోపడం, అన్నిట్లోనూ ఒక బరువును ఎక్కించడమే ఉంది. డిశ్చార్జి అంటే దించడం. ఆసుపత్రి నుంచి అయినా, కేసు నుంచి అయినా, అప్పు నుంచి అయినా. ఇది తెలిశాక నాకు నిఘంటువు తిరగేసే పని తగ్గింది. ఆ బరువేమిటి, ఎత్తింది ఎవరు, మోస్తున్నది ఎవరు అని చూసుకుంటాను. తెలుగు మాట దానంతటదే వస్తుంది.

సర్వీసు కేసుల్లో అయితే ఒకే వాక్యంలో రెండుసార్లు తగులుతుంది. ఛార్జి మెమో అందుకున్న ఆఫీసరు, పక్క మండలం ఆఫీసరుకు ఛార్జి అప్పగించాలి. ఇంగ్లీషులో మొదటాయన ఛార్జ్‌డ్ ఆఫీసరు, రెండో ఆయన ఆఫీసర్ ఇన్‌ఛార్జి. ఎఫ్‌ఏసీ అని మనవాళ్లు పొట్టిగా అనేది కూడా ఈ రెండో రకమే, పూర్తి అదనపు బాధ్యతలు. ఒకాయన అభియోగం మోస్తున్నాడు, మరొకాయన బాధ్యత మోస్తున్నాడు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసినవి కరెంటు కేసులు. లైన్లో కరెంటు ఆపించి, లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకుని స్తంభం ఎక్కిన మనిషి షాక్ కొట్టి చనిపోతాడు. భార్యాపిల్లలు నష్టపరిహారం కోసం వస్తారు. తోటి పనివాడు సాక్ష్యంలో, “ఎల్‌సీ వాపసు ఇవ్వకముందే లైను ఛార్జి చేసేశారండీ” అంటాడు. ఇక్కడ పాఠ్యపుస్తకంలోని విద్యుదావేశం తెచ్చి పెడితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. లైన్లోకి కరెంటు వదిలారు, అంతే. చిక్కంతా ఆఫీసు నివేదికతో. అందులో ఇంగ్లీషులో, ఫలానా వేళకు ఫీడరు ఛార్జి అయినట్టు, చేసినవాడి ఊసే లేకుండా ఉంటుంది. దాన్ని ‘కరెంటు వదిలారు’ అని తెలుగు చేస్తే ఎవరో మనుషుల వైపు నేను వేలు చూపినట్టవుతుంది. ‘కరెంటు వచ్చింది’ అంటే గాలివాన వచ్చినట్టు దానంతటదే వచ్చిందని చనిపోయినవాడి ఇంటివాళ్లకు చెప్పినట్టవుతుంది. చివరికి మన ఆఫీసు తెలుగే ఆదుకుంది. ‘లైనులోనికి కరెంటు వదలడమైనది’ అని రాశాను. ఎవరన్నది మూలంలో లేదు, నా అనువాదంలోనూ లేదు. కానీ అది మనిషి చేసిన పని అన్నది మాత్రం పోలేదు. ‘డమైనది’ అన్న ముగింపును వెక్కిరించేవాళ్లున్నారు. నాకు దాని మీద గౌరవం ఉంది.

ఇక భూమి. ఆస్తి బదిలీ చట్టం 1882లో, 100వ సెక్షన్ చెప్పే ఛార్జి వేరు. ఒకరి స్థిరాస్తి మరొకరికి రావలసిన డబ్బుకు పూచీగా నిలుస్తుంది, అయినా అది తనఖా కాదు. భూమి మీద బరువు ఉంటుంది గానీ కంటికి కనబడదు. విషయం తెలియకుండా డబ్బిచ్చి కొన్నవాడి మీద మామూలుగా దాన్ని అమలు చెయ్యడానికి వీల్లేదని కూడా అదే సెక్షన్ అంటుంది. అంటే, తెలిసి కొన్నాడా, తెలియక కొన్నాడా అన్నదే తగువవుతుంది. అక్కడ అనువాదం ఎంత పని చేస్తుందో చూడండి.

భర్త పోయిన ఒకావిడకు ఆయన అన్నదమ్ములతో రాజీ కుదిరి డిక్రీ అయింది. ఏటా ఇంత మనోవర్తి, దానికి షెడ్యూలు భూమి మీద ఛార్జి. కొన్నేళ్లకు ఆ భూమికి బయానా ఇచ్చిన ఆసామి, బయట ఎవరిచేతో తెలుగు చేయించుకున్న ప్రతి పట్టుకొచ్చాడు. అందులో ‘మనోవర్తి షెడ్యూలు భూమిపై రుసుముగా నుండును’ అని ఉంది. ఏదో పన్నో, సెస్సో అనుకున్నాడు ఆయన. భూమి రికార్డుల్లో బాకీ ఏమీ కనబడలేదట. ఆయన వకీలు ధ్రువీకరించిన అనువాదానికి దరఖాస్తు పెట్టాడు, ఫైలు నా దగ్గరికొచ్చింది. ‘సదరు మనోవర్తి సొమ్ము చెల్లింపునకు షెడ్యూలు భూమి పూచీగా, అనగా ఛార్జి కింద, ఉండును’ అని రాశాను. భూమి ఎవరి చేతికి మారితే ఏమవుతుందో రాయలేదు. అది డిక్రీలో లేదు, చెప్పాల్సింది వకీలు. ఛార్జి అన్న మాటను తీసెయ్యకుండా పక్కనే ఉంచాను, రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడిగేది ఆ మాటతోనే కాబట్టి.

కాపీ తీసుకున్న ఆసామి వరండాలోనే నిలబడి రెండుసార్లు చదువుకున్నాడు. “పూచీ అంటే, ఆవిడ డబ్బు ఈ భూమి మీదే ఉన్నట్టు కదండీ?” అన్నాడు. మీ వకీలుగారిని అడగండి అన్నాను. “అడుగుతాను. ముందు ఆవిడ ఇంటికెళ్లి ఎన్నేళ్ల మనోవర్తి రావాలో కనుక్కుంటాను” అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్టాండు వైపు వెళ్లాడు.